మీటర్ బోర్డు కాలింది, టెర్రస్‌కి తాళం ఉంది. ఇప్పుడు కేసు ఎవరి మీద?

నిజాంపేట_సెక్రటరీ
మా అపార్ట్‌మెంట్ స్టిల్ట్ ప్లస్ ఐదు, 20 ఫ్లాట్లు. కట్టింది 2014లో. మొన్న ఆదివారం రాత్రి పన్నెండున్నరకు కింద మీటర్ బోర్డు అంటుకుంది. మంట పెద్దదేం కాదు, ఒక తలుపంత. పొగ మాత్రం మెట్లదారిలో పైకి తన్నుకొచ్చింది. కిందికి దిగే దారి లేక మూడు, నాలుగు, ఐదు అంతస్తుల వాళ్ళం టెర్రస్‌కి పరుగెత్తాం. తలుపుకి తాళం. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర. వాచ్‌మన్ చెల్లెలి పెళ్ళికని వనపర్తిలో.

పద్నాలుగు మందిమి, అందులో ఇద్దరు చంటిపిల్లలు, ఆ చివరి మెట్ల మీద ఒకరి మీద ఒకరు. 302 కుర్రాడు వెనక్కి దిగి తన డంబెల్ తెచ్చి గడియ ఊడేదాకా బాదాడు. అందరం బతికి బయటపడ్డాం. 502 పెద్దావిడకి ఆస్తమా, రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచారు.

ఫైర్ ఇంజన్ వచ్చాక ఆఫీసర్ అడిగింది ఒకటే: "ఈ తాళం ఎవరేశారు?" అందరం నేల చూపులు చూశాం.

ఇప్పుడు 502 వాళ్ళబ్బాయి డాలస్ నుంచి ఫోన్ చేసి అసోసియేషన్ మీద కేసు పెడతానంటున్నాడు. కాగితం మీద అసోసియేషన్ అంటే సెక్రటరీ, అంటే నేనే. జీతం లేని ఉద్యోగం, తిట్లు మాత్రం నెలనెలా ఠంచనుగా వస్తాయి. అసలు బాధ్యత ఎవరిది? బిల్డర్‌దా, కరెంటోళ్ళదా, ఫైర్ డిపార్ట్‌మెంట్‌దా, నాదా?

కిరికిరి_అంకుల్
వాచ్‌మన్ చెల్లెలిది. ముహూర్తం ఆదివారమే పెట్టుకోవాలా?

పంపుహౌస్
అన్నా, నేను ఫైర్ సిస్టమ్స్ మెయింటెనెన్స్ చేస్త. ముందుగాల ఒకటి చెప్పు. మీ బిల్డింగ్‌ల మంటలార్పే ఎర్ర సిలిండర్లు ఎన్ని? వాటి మీది ప్రెషర్ ముల్లు ఏడున్నది?

నిజాంపేట_సెక్రటరీ
నాలుగు. మూడింటికి ముల్లు ఎర్రలో ఉంది. నాలుగోది వాచ్‌మన్ తన గది తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నాడు, దానికి అసలు ముల్లే లేదు.

పంపుహౌస్
గట్లనే ఉంటది. పదింట్ల ఏడు అపార్ట్‌మెంట్లల్ల నేను చూసేది గదే. కొన్నప్పుడు సెల్ఫీ దిగుతరు, మళ్ళ దాని మొకం చూడరు. లోపట పౌడర్ గడ్డ కట్టి రాయి అయితది. రెండు మూడు నెలలకొకపారి తలకిందులు చేసి ఊపాలె, ముల్లు పచ్చల ఉన్నదా చూడాలె. పనిమనిషి సుత పట్టగలదు ఆ పని.

పెద్ద బిల్డింగ్‌ల కథ ఇంకోటి. పైపుల ప్రెషర్ నిలబెట్టే చిన్న జాకీ పంపు ఉంటది, మెయిన్ పంపు ఉంటది, కరెంటు పోతే డీజిల్ పంపు. పైపుల ప్రెషర్ తగ్గంగనే వాటంతట అవే స్టార్ట్ కావాలె. నేను పోయి ప్యానెల్ చూస్తే స్విచ్ మాన్యువల్‌ల ఉంటది. ఎందుకు సార్ అంటే "రాత్రిపూట జాకీ పంపు టుక్కుటుక్కు మని కొట్టుకుంటది, కింది ఫ్లాటాయనకు నిద్ర పడ్తలేదు" అంటరు. పైపుల ఎక్కడనో లీకు ఉంటేనే జాకీ అట్ల కొట్టుకుంటది. లీకు బంద్ చెయ్యరు, పంపు బంద్ చేస్తరు. ఒక గేటెడ్ కమ్యూనిటీల హోజ్ బాక్స్ తెరిస్తె ఇత్తడి నాజిల్ లేదు. ఎవడో అమ్ముకున్నడు. గొట్టం లోపట ఎలుక పిల్లలు పెట్టింది.

అమ్మమ్మ_ఆవకాయ
ఎలుక పిల్లలైనా సేఫ్‌గా ఉన్నాయి కదా నాయనా.

లా_లక్డీకాపూల్
సెక్రటరీ గారూ, భయపడకండి, అలాగని నిర్లక్ష్యమూ చేయకండి. రెండు విషయాలు విడదీసి చూడాలి.

ఒకటి, అనుమతులు. మన దగ్గర 2012 నాటి భవన నిబంధనల జీవో 168 లెక్కన 18 మీటర్లు దాటిన నివాస భవనం హైరైజ్. దానికి ఫైర్ డిపార్ట్‌మెంట్ ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, కావాలి. వాణిజ్య భవనాలకైతే ఆ గీత 15 మీటర్ల దగ్గర. స్కూళ్ళు, ఫంక్షన్ హాళ్ళు, సినిమా హాళ్ళు లాంటి జనం గుమిగూడే చోట్లకి ఇంకా కిందనే ఉంది, 6 మీటర్ల ఎత్తు దాటినా, 500 చదరపు మీటర్ల స్థలమైనా అడుగుతారు. నగరంలో ఇన్ని స్టిల్ట్ ప్లస్ ఐదులు ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమైందా? 18కి ఒక జానెడు కింద ఆపేస్తారు. మీ భవనం దాదాపు ఆ కోవే.

రెండు, నేర బాధ్యత. 18 మీటర్లు దాటలేదు కాబట్టి నాకేం సంబంధం అంటే కుదరదు. భారతీయ న్యాయ సంహితలో 287 సెక్షన్ నిప్పు విషయంలో నిర్లక్ష్యానికి, ఆరు నెలల దాకా జైలు. ప్రాణం పోతే 106, ఐదేళ్ళ దాకా. ఇక్కడ ఎత్తు ప్రస్తావనే రాదు. తాళం వేసింది ఎవరు, వేయమన్నది ఎవరు, తెలిసీ ఊరుకున్నది ఎవరు అని అడుగుతారు.

ఇంతకీ మీ ప్లాన్‌కి అనుమతి ఇచ్చింది ఎవరు? 2014లో నిజాంపేట ఇంకా గ్రామ పంచాయతీ. కార్పొరేషన్ అయింది 2019లో. కాగితం తీసి చూడండి.

బాచుపల్లి_బిల్డర్
వచ్చేశారు, ఇక బిల్డర్‌ని ఉరి తీయండి. నేను 2016 నుంచి ఈ లైన్లో ఉన్నా. హ్యాండోవర్ చేసిన రోజు సిలిండర్లు, బకెట్లు, మెట్లు, అన్నీ శుభ్రంగా ఇస్తాం. మూడేళ్ళ తర్వాత వెళ్తే ప్రతి ల్యాండింగ్‌లో చెప్పుల స్టాండు, పాత కూలర్, పిల్లల సైకిల్, ఎవరిదో సిమెంట్ బస్తా. ఒకాయన మెట్ల మీద తులసికోట కట్టించాడు. అదీ నా తప్పేనా? తాళం నేను వేయలేదు కదా.

పాతబస్తీ_పావురం
బిల్డర్ సాబ్, 18 మీటర్ల గీత దగ్గర కూర్చొని మీరు కొలత టేప్ పట్టుకున్నారు చూడండి, ఆ మాట ఎవరంటారు?

మా ఇల్లు చార్మినార్ దగ్గర. మా గల్లీలో సెట్‌బ్యాక్ అంటే రెండు గోడల మధ్య పిల్లి పట్టేంత. గుల్జార్ హౌజ్ అగ్నిప్రమాదం 2025 మే 18న మా ఇంటికి నడిచే దూరంలోనే జరిగింది. పొద్దున్నే, ఆదివారం. 17 మంది పోయారు, అందులో 8 మంది పిల్లలు. కింద దుకాణాలు, పైన ఇల్లు, రావడానికి పోవడానికి ఒకటే సందు, ఒకటే సన్నటి మెట్లు. ఫైర్ ఇంజన్ రాలేదని ఎవరూ అనలేరు భాయ్, మొఘల్‌పురా స్టేషన్ పక్కనే. లోపలికి మనిషి దూరడానికే దారి లేదు. ఆ ఇంటికి ఏ జీవో వర్తిస్తుంది చెప్పండి వకీల్ సాబ్? జీవో పుట్టకముందే మా తాతలు కట్టుకున్నారు.

లా_లక్డీకాపూల్
నిజమే పావురం గారూ. పాత ఇళ్ళకి ఎత్తు లెక్క పనికిరాదు. అక్కడ వైరింగు, ఏసీల లోడు, రెండో దారి, ఈ మూడే మాట్లాడుకోవాలి.

రిటైర్డ్_101
ముప్పై ఒక్క ఏళ్ళు ఫైర్‌లో చేసి లీడింగ్ ఫైర్‌మన్‌గా రిటైరయ్యా. తాళం సంగతి చూసి రాయకుండా ఉండలేకపోయా.

మెట్లదారి అంటే పొగ గొట్టమే. కింద మంట పుడితే వేడి పొగ ఆ గొట్టంలో పైకి లాగేస్తుంది. పైన తలుపు తెరిచి ఉంటే బయటికి పోతుంది. మూసుంటే ఏం చేస్తుంది? పైకప్పుకి తగిలి, అక్కడే నిండి, మళ్ళీ కిందికి దిగడం మొదలుపెడుతుంది. మనుషులు పైకి ఎక్కుతుంటారు, పొగ కిందికి దిగుతుంటుంది, చివరి మలుపులో ఇద్దరూ కలుస్తారు. నా సర్వీసులో రెండుసార్లు ఆ చివరి మలుపు నుంచి మనుషుల్ని మోసుకొచ్చాం. ఒంటి మీద కాలిన మచ్చ ఒక్కటీ లేదు. ఒకావిడ చేతిలో టెర్రస్‌ది అనుకుని తెచ్చుకున్న తాళంచెవి ఉంది. అది బీరువాది.

సెక్రటరీ గారూ, మీ 302 కుర్రాడికి దండేసి దండం పెట్టండి.

సికింద్రాబాద్_సింగిల్
101 సార్ చెప్పింది చదివి చెయ్యి ఆడట్లేదు. సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్ అగ్నిప్రమాదం గుర్తొచ్చింది, 2023 మార్చి 16. ఆ రోజు నేను అవతలి రోడ్డులో ఒక ఆఫీసులో ఉన్నా. సాయంత్రం కిటికీలోంచి చూస్తుంటే పై అంతస్తుల్లో సెల్‌ఫోన్ టార్చీలు ఊపుతున్నారు, మేమిక్కడ ఉన్నాం అన్నట్టు. ఆరుగురు పోయారు, అందరూ జిల్లాల నుంచి ఉద్యోగానికి వచ్చిన చిన్న వయసు వాళ్ళు. వాళ్ళూ పొగకే పోయారు.

మర్నాడు మా ఆఫీసులో హెచ్‌ఆర్ వచ్చి "మన దగ్గర ఫైర్ ఎగ్జిట్ ఉంది" అని మెయిల్ పెట్టింది. వెళ్ళి చూశా. ఉంది. దాని ముందు నిలువెత్తు ప్రింటర్ కూడా ఉంది.

అద్దె_పక్షి
మీకు ప్రింటరే. అమీర్‌పేటలో మా హాస్టల్‌కి రాత్రి పదకొండు కాగానే కొలాప్సిబుల్ గేటుకి బయట నుంచి తాళం వేస్తారు. అరవై మంది అమ్మాయిలం. "మీ సేఫ్టీ కోసమే అమ్మా" అంటుంది హాస్టల్ ఆంటీ. కిటికీలన్నిటికీ ఊచలు. ఒకసారి అడిగా, నిప్పంటుకుంటే ఎలా ఆంటీ అని. "హీటర్లు వాడకపోతే ఎందుకంటుకుంటుంది" అంది. ఆవిడ వంటగదిలో ఎనిమిది గ్యాస్ సిలిండర్లు మెట్ల కిందే.

రిటైర్డ్_101
అమ్మా, ఎగ్జిట్ తలుపు లోపలివైపు నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకోవాలి. నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో ఉన్నమాట. దొంగ బయట నుంచి రాకూడదు, మనిషి లోపల నుంచి పోగలగాలి, రెండూ కుదిరే గడియలు బజార్లో దొరుకుతాయి. పానిక్ బార్ అంటారు, అడ్డంగా ఉన్న కడ్డీని నడుంతో నెట్టినా తెరుచుకుంటుంది. అంత ఖర్చు వద్దనుకుంటే లోపల గడియ చాలు.

గ్యాస్ సిలిండర్లు మెట్ల కింద ఉంటే ఇవాళే వీధి చివరి ఫైర్ స్టేషన్‌కి వెళ్ళి రాసిచ్చి రా. పేరు చెప్పడం ఇష్టం లేకపోతే నీ బదులు నేను రాస్తా.

అమ్మమ్మ_ఆవకాయ
అన్నీ బాగానే ఉన్నాయి గానీ, టెర్రస్‌కి తాళం ఎందుకేస్తారో నేను చెబుతా. మాది కూకట్‌పల్లి. తాళం లేనప్పుడు పైన బీరు సీసాలు, ఒకసారి ఎవరో జంట. వాటర్ ట్యాంకు మూత తెరిచి ఎవడో ఈత కొట్టాడు. నేను ఎండబెట్టిన మూడు కిలోల గుమ్మడి వడియాలు మాయం. 203 వాళ్ళ పిల్లాడు పిట్టగోడెక్కి గాలిపటం ఎగరేస్తుంటే నా గుండె ఆగింది. ఇవన్నీ చూశాక నేనే మీటింగ్‌లో చెయ్యెత్తా, తాళం వేయండి అని. ఏడాదికోసారి వచ్చే నిప్పు కంటే రోజూ వచ్చే పిల్లాడే నాకు కనిపించాడు.

ఇది రాశాక మా అత్తగారి గదివైపు చూశా. ఆవిడ మెట్లు దిగి నాలుగేళ్ళయింది.

కిరికిరి_అంకుల్
వడియాలు 203 వాళ్ళవేనా మేడమ్, అదే, తిన్నది?

ఈవీ_రాజా
ఇక అందరూ మెల్లిగా స్కూటర్ల మీద పడతారు, తెలుసు. మా అసోసియేషన్‌లో ఏదైనా పొగ వాసన వస్తే ముందు నా బండి వైపు చూస్తారు. సెక్రటరీ గారి మీటర్ బోర్డు కాలింది ఏసీల లోడుకి, నా బండికి కాదు.

పంపుహౌస్
తమ్మీ, కోపం పడకు. సికింద్రాబాద్ రూబీ లాడ్జి 2022 సెప్టెంబర్‌ల, కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి, 8 మంది పోయిన్రు. జనం మర్చిపోరు. నీ బండి ఎక్కడ ఛార్జింగ్ పెడతవ్?

ఈవీ_రాజా
స్టిల్ట్‌లో. మెట్ల పక్కన ప్లగ్ పాయింట్ ఉంది, అక్కడ.

పంపుహౌస్
గదే తీసెయ్. బండి తప్పు కాదు, జాగ తప్పు. మెట్లకు దూరంగ, గోడవారకు, నీ మీటరు నుంచి సపరేట్ వైరు, సపరేట్ ఎంసీబీ, 16 ఆంపుల సాకెట్. ఎక్స్‌టెన్షన్ బోర్డు ముచ్చటే వద్దు.

రిటైర్డ్_101
ఇంకొకటి కూడా. లిథియం బ్యాటరీ అంటుకుంటే పౌడర్ కొట్టగానే మంట ఆరినట్టే ఉంటుంది, కాసేపటికి మళ్ళీ లేస్తుంది. లోపలి సెల్లు ఒకదాన్నొకటి వేడెక్కించుకుంటూ పోతాయి. దానికి నీళ్ళే, అదీ చాలా నీళ్ళు, చల్లబడేదాకా. మీటర్ బోర్డు మీద మాత్రం చచ్చినా నీళ్ళు పోయకండి, మెయిన్ ఆపేదాకా.

నిజాంపేట_సెక్రటరీ
లా గారు అడిగారని బీరువా అంతా దులిపి ప్లాన్ కాపీ బయటికి తీశా. గ్రామ పంచాయతీ ముద్ర ఉంది. అనుమతి గ్రౌండ్ ప్లస్ రెండు.

గ్రౌండ్ ప్లస్ రెండు అండీ. మేం ఉన్నది ఐదు. ఓసీ, అంటే కాపురానికి ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అనే కాగితం ఫైల్లో ఎక్కడా లేదు.

కిరికిరి_అంకుల్
అయితే మీ ఐదో అంతస్తు కాగితం మీద లేదు. లేని ఫ్లాట్‌లో లేని ఆంటీకి పొగ ఎలా పట్టింది? కేసు కొట్టేశారు, పోండి.

నిజాంపేట_సెక్రటరీ
నవ్వొస్తోంది, ఏడుపూ వస్తోంది అంకుల్. టాక్స్ మాత్రం ఐదు అంతస్తులకీ కడుతున్నాం. 20 కరెంటు మీటర్లూ ఇచ్చారు. బ్యాంకు లోన్ కూడా ఇచ్చింది. అన్నిచోట్లా ఉన్నాం, ప్లాన్‌లో తప్ప.

లా_లక్డీకాపూల్
నేను భయపడింది ఇదే. పంచాయతీలకి ఆ రోజుల్లో అంతకు మించి అనుమతిచ్చే అధికారం లేదు. ఆ చుట్టుపక్కల మీలాంటి భవనాలు వీధికి నాలుగు. అదనపు అంతస్తులకి బిల్డర్‌ని అడగవచ్చు. సేల్‌డీడ్‌లో ఏం రాశాడో చూడాలి. అయితే అది ఆస్తి తగాదా, ఏళ్ళు పడుతుంది. 502 వారి ఫిర్యాదు దానికోసం ఆగదు.

బాధ్యత పంచడం గురించి ఒక కేసు చెబుతా. ఢిల్లీ ఉపహార్ థియేటర్, 1997 జూన్ 13, 59 మంది చనిపోయారు. కింద పార్కింగ్‌లో ట్రాన్స్‌ఫార్మర్ అంటుకుంది, పొగ పై బాల్కనీకి చేరింది, ఒక పక్క దారి సీట్లు వేసి మూసేశారు. నష్టపరిహారం ఎవరు కట్టాలనే దాని మీద ఢిల్లీ హైకోర్టు 2003లో యజమానులకి 55 శాతం, మిగతా 45 మున్సిపాలిటీకి, పోలీసు లైసెన్సింగ్ విభాగానికి, విద్యుత్ బోర్డుకి తలా 15 అంది. 2011లో సుప్రీంకోర్టు దాన్ని మార్చింది. యజమానులకి 85, విద్యుత్ బోర్డుకి 15. మున్సిపాలిటీని, లైసెన్సింగ్ వాళ్ళని పరిహారం నుంచి తప్పించింది.

పాతబస్తీ_పావురం
అంటే సంతకం పెట్టినోడికి సున్నా. క్యా బాత్ హై.

లా_లక్డీకాపూల్
దురుద్దేశం ఉందని రుజువైతే తప్ప తనిఖీ సరిగా చేయలేదన్నంత మాత్రాన పరిహారం వేయలేమన్నది కోర్టు తర్కం. నాకూ మింగుడు పడదు. ఉన్నది చెబుతున్నా.

సికింద్రాబాద్_సింగిల్
మరి తనిఖీ చేయాల్సిన వాళ్ళకి జవాబుదారీ ఎక్కడ? బోయిగూడ తుక్కు గోదాం, 2022 మార్చి 23, బిహార్ నుంచి వచ్చిన 11 మంది కూలీలు పైన నిద్రలోనే పోయారు. దిగడానికి ఒక్క చుట్టు మెట్లు. నాంపల్లి బజార్‌ఘాట్, 2023 నవంబర్ 13, జనం కాపురముండే బిల్డింగ్ కింద కెమికల్ డ్రమ్ములు, ఆ రోజే 9 మంది పోయారు. ఆ డ్రమ్ములు రాత్రికి రాత్రి వచ్చినవి కావు. రోజూ ఆ రోడ్డున పోయే కార్పొరేషన్ బండి ఒక్కటీ చూడలేదా? జరిగిన వారం రోజులు అన్ని సెల్లార్లూ తిరుగుతారు, నోటీసులు అంటిస్తారు, తర్వాత ఆ నోటీసు మీద ట్యూషన్ పోస్టర్ పడుతుంది.

రిటైర్డ్_101
సింగిల్ గారూ, ఒప్పుకుంటా, మా వాళ్ళ తప్పు లేదనను. లోపలి నుంచి చూసింది కూడా చెబుతా. 1999 ఫైర్ సర్వీస్ చట్టం కింద మేం నోటీసు ఇవ్వగలం. నోటీసు ఇచ్చిన మధ్యాహ్నానికి ఫోన్లు మొదలు. "సార్ మనవాళ్ళే, చూసీ చూడనట్టు." నేనొక ఫంక్షన్ హాలుకి రాశా, రెండో గేటు దగ్గర జనరేటర్ పెట్టారని. ఓనరు వచ్చి నాకు టీ తాగించి, ఎదురుగానే జనరేటర్ తీయించాడు. నెల తర్వాత అదే హాల్లో మా బంధువుల పెళ్ళికి వెళ్ళా. జనరేటర్ అక్కడే ఉంది, మీద పూలదండ వేసి ఉంది. నేను భోజనం చేసి వచ్చేశా. ఆ రోజు లేచి మాట్లాడి ఉండాల్సింది.

బాచుపల్లి_బిల్డర్
భోజనం బాగుందా సార్?

రిటైర్డ్_101
గుత్తివంకాయ బాగుంది. అదే బాధ.

అద్దె_పక్షి
అందరూ నవ్వుకుంటున్నారు కానీ, నేను నిన్న స్టేషన్‌కి వెళ్ళి రాసిచ్చా 101 సార్. తీసుకున్నారు, రసీదు కూడా ఇచ్చారు. ఇవాళ ఇద్దరు వచ్చి చూసి వెళ్ళారు. సిలిండర్లు ఆరు బయటికి పోయాయి. ఆంటీ నాతో మాట్లాడటం మానేసింది, ఇడ్లీలు కూడా నాకు రెండే పడుతున్నాయి. గేటు తాళం మాత్రం ఇంకా ఉంది, "చెవి వార్డెన్ మెళ్ళో ఉంటుంది" అని రాయించుకున్నారట.

పంపుహౌస్
చెల్లె, రెండు ఇడ్లీలే అయినా గెలిచినవ్.

అమ్మమ్మ_ఆవకాయ
కూకట్‌పల్లి వచ్చెయ్ తల్లీ, పది పెడతా.

నిజాంపేట_సెక్రటరీ
మీటింగ్ పెట్టాం. 20లో తొమ్మిది ఫ్లాట్లే వచ్చాయి. కాలిన బోర్డు ఎదురుగానే కుర్చీలు వేశాం, ఇంకా ప్లాస్టిక్ వాసన పోలేదు.

ఎలక్ట్రీషియన్ చెప్పింది ఏంటంటే, 2014లో ఒక్కో ఫ్లాట్‌కి ఒక ఏసీ లెక్కన వైర్లు లాగారు. ఇప్పుడు మూడేసి. ఒక స్క్రూ వదులై, బూడిద రంగు పట్టి, నెలల తరబడి కాలుతూ వచ్చిందట. స్తంభం నుంచి మీటరు దాకా కరెంటు సంస్థది, మీటరు దాటాక మాది. కాలింది మీటరుకి ఇవతల, రెండు వేళ్ళ దూరంలో.

ఆ తర్వాత తాళం. ఎవరేశారని మళ్ళీ లొల్లి. 201 ఆయన వాచ్‌మన్ అన్నాడు, వాచ్‌మన్ "సార్లు చెప్పిన్రు" అన్నాడు. ఇక వోచర్ ఫైలు తీశారు. 2021 జులై, టెర్రస్ తాళం ఒకటి, 340 రూపాయలు, మంజూరు చేసినవారు ట్రెజరర్. అప్పుడు ట్రెజరర్‌ని నేనే. సంతకం నాదే, చక్కగా తేదీ కూడా వేశా.

నాకు గుర్తే లేదు. ఒట్టు. ఆ నెలలో నలభై వోచర్ల మీద సంతకం పెట్టుంటా, లిఫ్టు బెల్టు, ఫినాయిలు, తాళం.

కిరికిరి_అంకుల్
...

కిరికిరి_అంకుల్
జోకు రాలేదు. మొదటిసారి.

లా_లక్డీకాపూల్
ఇది బహిరంగంగా రాయాల్సింది కాదు సెక్రటరీ గారూ. ఫోన్ చేయండి. ఆ ఫైలు మాత్రం చించకండి, దాచకండి, ఒక్క కాగితం కూడా.

బాచుపల్లి_బిల్డర్
సెక్రటరీ గారూ, నేను మీ బిల్డర్‌ని కాదు, కానీ ఆయన తెలుసు. మూడు అంతస్తుల సంగతి మాట్లాడదామంటే నేను కూడా వస్తా. తాళం గురించి నేనేమీ అనలేను. మావాడు కట్టిన మెట్లూ ఒకటే కదా మీకు, రెండో దారి వదల్లేదు.

పాతబస్తీ_పావురం
సెక్రటరీ భాయ్, ఫైల్లో కాగితం చూసి కూడా దాచకుండా చెప్పావు. 502 వాళ్ళ దగ్గరికి వెళ్ళు, ఫోన్లో వద్దు, మనిషిగా వెళ్ళు.

నిజాంపేట_సెక్రటరీ
వెళ్ళా. పెద్దావిడ ఆసుపత్రి నుంచి వచ్చేశారు, ముక్కుకి నెబ్యులైజర్ పెట్టుకుని టీవీ చూస్తున్నారు. వోచర్ సంగతి చెప్పా. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నారు, "ఆ నెల్లో నా చీర పోయింది నాయనా, ఆరేసింది. నేనే వాచ్‌మన్‌తో గొడవపడి తాళం వేయించమన్నా. మావాడికి చెప్పకు."

వాళ్ళబ్బాయి ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడో లేదో తెలియదు. లా గారితో మాట్లాడుతున్నా. ప్రస్తుతానికి టెర్రస్ తలుపుకి లోపల గడియ పెట్టించాం, తాళం తీసేశాం. మెట్ల మీది చెప్పుల స్టాండ్లు పదకొండు తీశాం, నాలుగు మళ్ళీ వచ్చాయి. కొత్త బోర్డుకి ఎలక్ట్రీషియన్ రాసిచ్చిన ఖర్చు చూసి ఆరు ఫ్లాట్ల వాళ్ళు వాట్సాప్ గ్రూప్ నుంచి ఎగ్జిట్ అయ్యారు.

కిరికిరి_అంకుల్
పోనీలెండి, మీ బిల్డింగ్‌లో ఒక్క ఎగ్జిట్ అయినా పనిచేస్తోంది.

రిటైర్డ్_101
వాళ్ళ డబ్బు సంగతి తర్వాత. గడియ రాత్రిపూట చీకట్లో ఒకసారి తీసి చూడండి, లైట్లు ఆపి. చేతికి తగిలే ఎత్తులో పెట్టాడా, పైన పెట్టాడా?

నిజాంపేట_సెక్రటరీ
ఇప్పుడే చూసొచ్చా సార్. పైన పెట్టాడు. 302 కుర్రాడికి అందుతుంది, 502 ఆవిడకి అందదు. రేపు వడ్రంగిని పిలుస్తా.